కొరుకుపిట్ట

పేర్లు పెట్టడంలో మా అత్తయ్యది అందెవేసిన చెయ్యి. మా కుట్టుషాపులో పనికి చేరినవాళ్ళెవరికీ సొంతపేరు పట్టుమని నెల నిలిచేది కాదు. గుండీలు కుట్టే ఆవిడ గుండీలమ్మ అయిపోయింది. ఆవిడ కన్నకూతురు కూడా ఫోనులో తల్లి నంబరును ఆ పేరుతోనే దాచుకుంది. ఇస్త్రీ చేసే పెద్దాయన ఒకసారి కబుర్లలో పడి నర్సుల గౌను మీద పొగ తెప్పించాడు, ఆ పూట నుంచి ఆయన పొగబాబాయ్. వ్యాను నడుపుతూ స్కూళ్ళకీ ఆసుపత్రులకీ యూనిఫాంలు చేరవేసే మా ఆయన, ఊరి ఏ మూల ఉన్నా ఫోనులో "వస్తున్నా, వస్తున్నా" అంటాడు కాబట్టి, కన్నతల్లి నోట్లోనే 'వస్తున్నా' అయ్యాడు. "వస్తున్నా ఇంకా రాలేదా?" అని అత్తయ్య అడుగుతుంటే షాపుకు కొత్తగా వచ్చినవాళ్ళు తెల్లమొహం వేసేవారు.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో ప్రతిదానికీ "ఎందుకత్తయ్యా?" అని అడిగేదాన్ని. నాకేం పేరు వచ్చిందో చెప్పనక్కర్లేదు.

కింద షాపు, పైన ఇల్లు, మధ్యలో ఒకరు దిగుతుంటే ఇంకొకరు గోడకు అంటుకోవాల్సినంత ఇరుకు మెట్లు. వీధి వైపు కిటికీ కింద పెద్ద కటింగ్ బల్ల. దాని అంచులు అత్తయ్య మోచేతుల రాపిడికి నున్నగా మెరిసేవి. ఆవిడ బల్ల దగ్గర నిలబడి ఒక చేత్తో సుద్ద గీస్తూ, రెండో చేత్తో గుడ్డ సర్దుతూ, నోటితో వీధిలో పోయేవాళ్ళందరినీ పలకరించేది. మామయ్య పోయాక షాపును ఒంటిచేత్తో నిలబెట్టింది ఆ నోరే అని అందరూ అనేవారు. అత్తయ్య మాత్రం "నోరు కాదు, కత్తెర" అనేది.

అలాంటి మనిషి ఒక ఉదయం స్కూలు పిల్లకు కొలతలు తీస్తూ "భుజం" అనబోయి "తలుపు" అంది. ఆ పిల్లా నేనూ నవ్వాం. అత్తయ్య విసుగ్గా తల విదిలించి మళ్ళీ "తలుపు" అంది. తర్వాత టేపు చేతిలోంచి జారి కింద పడింది. దాన్ని తీసుకోవడానికి వంగిన మనిషి ఇక లేవలేదు.

మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. సమయానికి తీసుకెళ్ళాం కాబట్టి ప్రాణం దక్కింది. కుడిచెయ్యీ కుడికాలూ మొదట మాట వినలేదు. అత్తయ్య మొండితనం ముందు అవెంతసేపు నిలుస్తాయి? ఆరు నెలలు తిరగకుండానే మెట్లు దిగింది. చెయ్యి కూడా దారికొచ్చింది. రానిది మాటే.

అన్ని మాటలూ పోయి ఉంటే అదొక రకం. అలా కాలేదు. "తే", "పెట్టు", "వద్దన్నానా", "ఇదేం పనే" లాంటివన్నీ ఉన్నాయి. కసరడం చెక్కుచెదరలేదు. వస్తువుల పేర్లు మాత్రం తుడిచిపెట్టుకుపోయాయి. గ్లాసు, కుర్చీ, సూది, దారం ఏదీ నోటికి అందేది కాదు. అందరికీ పేర్లు పెట్టిన మనిషికి పేర్లే పోయాయి.

ఆసుపత్రిలో మాట నేర్పే డాక్టరమ్మ దగ్గరికి వారం వారం తీసుకెళ్ళేదాన్ని. ఆవిడ బొమ్మల కార్డులు చూపించేది. అత్తయ్య కత్తెర బొమ్మ చూసి, చేత్తో గాలిలో గుడ్డను ఎంతో చక్కగా కత్తిరించి చూపించి, పేరు దగ్గర ఆగిపోయేది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. డాక్టరమ్మకు ఓపిక ఎక్కువ. "తొందరేం లేదమ్మా, ఆ పేరు రాకపోతే దాని చుట్టుపక్కల మాట ఏదొచ్చినా చెప్పండి" అనేది. అత్తయ్య మాత్రం పెదాలు బిగించేసేది. తప్పుమాట అనడం కన్నా ఊరుకోవడమే నయమనుకుంది. ఇంటికొచ్చాక వేలు చూపించి పని జరుపుకునేది. పలకరింపులు ఆగిపోయిన ఆ కిటికీ దగ్గర వీధివాళ్ళు కూడా తలవంచుకుని దాటిపోయేవాళ్ళు.

బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. మాకు ఊపిరాడని కాలం అదే. నేను కటింగ్ బల్ల దగ్గర నిలబడ్డాను. అత్తయ్యను చివరి పనిలో కూర్చోబెట్టాం. కుట్టడం పూర్తయిన చొక్కాలకు అక్కడక్కడా వేలాడే దారప్పోగులను కత్తిరించి, మడతపెట్టే పని. దానికి ఒక చిన్న పనిముట్టు ఉంటుంది. కత్తెరలా వేళ్ళు దూర్చే రింగులుండవు. ఒకే ఇనపరేకును మధ్యకు వంచి, రెండు కొనలకూ పదును పెట్టినట్టు ఉంటుంది. గుప్పిట్లో పట్టుకుని నొక్కితే టక్కుమని మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. ప్రతి కుట్టుషాపులోనూ ఉండేదే. దానికొక పేరంటూ లేదు. ఒకరు "చిన్న కత్తెర" అంటే ఇంకొకరు "కట్టరు" అంటారు, పొగబాబాయ్ అయితే "అదేనమ్మా, అది" అంటాడు. "చిన్న కత్తెర ఇవ్వు" అంటే కాజాల కత్తెర వచ్చేది. "కట్టరు" అంటే బ్లేడు వచ్చేది. విసుగుపుట్టి గుండీలమ్మ పళ్ళతో దారం కొరికేసేది. "కొరకొద్దే! బట్ట ఎంగిలి చేస్తావా?" అని అత్తయ్య కేకలు వేసిన రోజులు కోకొల్లలు.

ఆ రోజు మధ్యాహ్నం అత్తయ్య ఒళ్ళో చొక్కా ఉంది, పోగు వేలాడుతోంది, పనిముట్టు కనబడలేదు. వేలు చూపించి అడుగుదామంటే అదెక్కడుందో తెలియదు. గుండీలమ్మ వైపు చూసి చెయ్యి చాపింది.

"ఏం కావాలక్కా?"

అత్తయ్య గుప్పిట మూసి తెరిచింది. మెషీన్లు ఒక్కొక్కటే ఆగాయి. అందరం చూస్తున్నాం. అదే ఆవిడకు నచ్చని పని. మొహం ఎర్రబడింది.

"అది... కొ... కొరుకు..." అంది. "కొరుకు... పిట్ట!" ఊపిరి తీసుకుని గట్టిగా, కసురుతున్నట్టు మళ్ళీ అంది. "కొరుకుపిట్ట!"

పొగబాబాయ్ మూతి నవ్వడానికి సిద్ధమై, గుండీలమ్మ చూపుకు వెనక్కి తగ్గింది. గుండీలమ్మ బట్టల గుట్ట కింద చెయ్యి దూర్చి, సరిగ్గా ఆ పనిముట్టే తీసి అత్తయ్య అరచేతిలో పెట్టి, "ఇదుగో" అని మళ్ళీ తన గుండీల్లో పడిపోయింది. మెషీన్లు తిరగడం మొదలుపెట్టాయి. అంతే జరిగింది. ఒక మాట పుట్టిందని మాలో ఎవరికీ తట్టలేదు.

నాలుగు రోజులు పోయాక అత్తయ్య పైనుంచి మెట్లు దిగుతూ లోపలి మాటలు వింది.

"బాబాయ్, కొరుకుపిట్ట ఇటు విసురు."

"నా దగ్గరేదీ? కాలరు కుట్టే అమ్మాయి పట్టుకుపోయింది కొరుకుపిట్టని."

ఎవరో నవ్వారు. వాళ్ళు నవ్వింది పొగబాబాయ్ ఎగతాళికో దేనికో నాకు గుర్తులేదు, అత్తయ్య గురించి మాత్రం కాదు. కానీ నేను తలెత్తేసరికి గుమ్మంలో అత్తయ్య మొహం తెల్లగా పాలిపోయి ఉంది. మెడలోని టేపు తీసి నేలకేసి కొట్టి, గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

తర్వాత రోజు కిందికి రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. నేను భోజనం పట్టుకెళితే కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"ఏమైందత్తయ్యా? ఎందుకు రావట్లేదు?"

"నా... నోరు," అంది కష్టంగా. "ఆడుకుంటున్నారు. అందరూ... దీంతో." పెదాల మీద వేలితో కొట్టుకుంది.

మా ఆయన వచ్చి నచ్చజెప్పబోయాడు. "నువ్వు పో" అంది. ఆ మాట స్పష్టంగానే వచ్చింది.

చివరికి గుండీలమ్మ వచ్చింది. మోకాళ్ళ నొప్పి వల్ల ఆవిడ మా మెట్లు ఎక్కి ఏళ్ళయింది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, ఆయాసపడుతూ, నన్నూ ఆ మెట్లు కట్టిన మేస్త్రీనీ తిట్టుకుంటూ వచ్చి, అత్తయ్య ఎదురుగా మంచం మీద కూలబడింది. కొంగు చాటున తెచ్చిన పనిముట్టును ఇద్దరి మధ్యా దుప్పటి మీద పెట్టింది.

"అక్కా, దీన్నేమంటారో చెప్పు."

అత్తయ్య మొహం తిప్పుకుంది.

"నీకే కాదు, నాకూ తెలీదు. నీకు జబ్బు చేసి పేరు రాలేదు. నాకేం జబ్బుందని రాలేదు? ఇన్నేళ్ళూ 'అదీ ఇదీ' అంటూ గడిపాం. చిన్న కత్తెర అంటే ఇంకేదో ఇచ్చేవాళ్ళు. నేను పళ్ళతో కొరికితే నువ్వు నా మీద పడేదానివి. నా ముందుపన్ను అరిగింది చూడు, ఎవరివల్ల? దీనికో పేరు లేకపోవడం వల్ల!" గుండీలమ్మ నిజంగానే పెదవి ఎత్తి పన్ను చూపించింది. "ఆ రోజు నువ్వన్నావు చూడు, మేమెవరమూ 'ఏంటీ' అని అడగలేదు. చప్పున అర్థమైంది. అప్పట్నుంచీ ఒక్కసారి కూడా ఇంకో సామాను చేతికి రాలేదు. వెక్కిరించడానికి అనట్లేదక్కా, పని నడుస్తోందని అంటున్నాం. వద్దంటావా, మానేస్తాం. కానీ దీనికి ఇంకో పేరు నువ్వే పెట్టి ఇవ్వాలి. పేర్లు పెట్టేది నువ్వు. మాకు చేతకాదు."

అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకుంది. వేళ్ళ మధ్య పెట్టి నొక్కింది, వదిలింది. సన్నటి ముక్కు మూసుకుంది, తెరుచుకుంది. వెలుగు వైపు పెట్టి పక్కనుంచి చూసింది. మళ్ళీ టక్కుమనిపించింది.

"పిట్టే," అంది.

"పిట్ట కాక?" అంది గుండీలమ్మ.

అత్తయ్య నవ్వింది. జబ్బు చేశాక ఆవిడ నవ్వు వినడం అదే మొదలు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని మెట్లు దిగడానికి పట్టినంతసేపూ ఆ నవ్వు ఆగుతూ మొదలవుతూ వినపడుతూనే ఉంది. కిందికి రాగానే అత్తయ్య పొగబాబాయ్ ముందు నిలబడి, "కొరుకుపిట్ట ఏది?" అని అధికారంగా అడిగింది. ఆయన ఇస్త్రీపెట్టె వదిలేసి వెతికాడు. ఇంకొంచెంలో మళ్ళీ పొగ వచ్చేది.

ఆ తర్వాత ఆ మాట మా గడప ఎలా దాటిందో నేను చూడలేదు, దాటాక చూశాను. మా దగ్గర కుట్టేవాళ్ళు ఇళ్ళకు పట్టుకెళ్ళారు కాబోలు. పాల ప్యాకెట్టు కొస కత్తిరించడానికీ, కొత్తబట్టల చీటీ తీయడానికీ దాన్ని మించింది లేదు. వస్తువు వెళ్ళినచోటల్లా పేరూ వెళ్ళింది. ఒకరోజు మా ఆయన వ్యాను ఆపి, షాపు బయటినుంచే కేకేశాడు. "అమ్మా! ఇవాళ స్కూలు ఆఫీసులో ఒకావిడ యూనిఫాంల కట్ట విప్పుతూ, 'కొరుకుపిట్ట ఉందా బాబూ?' అని అడిగింది. ఆవిడ మన షాపు మొహం కూడా ఎరగదు!"

అత్తయ్య మడతపెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

కొన్నాళ్ళకు మాట సొంతంగా తిరగడం నేర్చుకుంది. "ఆ పోగు పిట్టెయ్" అనడం మొదలుపెట్టారు మా కుట్టేవాళ్ళు. పక్కవీధిలో ఎవరో నోటిదురుసు మనిషిని "అమ్మో, అదొక కొరుకుపిట్ట" అన్నారని గుండీలమ్మ కబురు మోసుకొచ్చింది. అది విన్నప్పుడు అత్తయ్య కాస్త ముఖం చిట్లించింది. తన మాటను ఇలా వాడుకోవడానికి వీళ్ళకు ఎవరు అనుమతిచ్చారని ఆవిడ బాధ. రెండోరోజే నేనేదో ఎదురుచెబితే నన్నే అంది, "నువ్వో కొరుకుపిట్టవి."

గర్వం వస్తే ఊరుకుంటుందా మనిషి? అత్తయ్య మిగతా సామానుకు కూడా పేర్లు పెట్టడానికి కూర్చుంది. ఇస్త్రీపెట్టెను 'వేడినాలుక' అంది. పొగబాబాయ్ చేతులు జోడించి, "వదినా, నా పెట్టెకు పేరుంది, దాని జోలికి రావద్దు" అన్నాడు. టేపును 'కొలతపాము' అంది. గుండీలమ్మకు పామంటే హడలు, ముట్టుకోనంది. ఇంకేవో కూడా అంది. ఒక్కటీ రెండు రోజులు బతకలేదు. అత్తయ్య అలిగి, చివరికి ఒప్పుకుంది. "అవి... ఆలోచించి పెట్టాను," అంది నాతో. "అది... కావలసొచ్చి వచ్చింది."

ఈలోగా అసలు పేర్లు కూడా ఒక్కటొక్కటిగా తిరిగొస్తున్నాయి. సూది వచ్చింది. దారం వచ్చింది. ఒకరోజు డాక్టరమ్మ దగ్గర కత్తెర కార్డు చూసి, ఏ తడబాటూ లేకుండా "కత్తెర" అని, ఇంకేమైనా ఉందా అన్నట్టు చూసింది. మా అందరికన్నా డాక్టరమ్మే ఎక్కువ సంబరపడింది.

మరుసటి ఏడు సామాను కొనడానికి నేనూ అత్తయ్యా ఊరికి ఆ చివరనున్న పెద్ద బజారుకు వెళ్ళాం. ఆ వైపు మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. జిప్పులూ లేసులూ వేలాడే ఇరుకు దుకాణంలో ఒక ముసలాయన మెడలో కళ్ళజోడు వేలాడేసుకుని కూర్చున్నాడు. నేను కావాలనే పేరు చెప్పకుండా, "దారప్పోగులు కత్తిరించే చిన్నది ఉంటుంది కదండీ, రింగులుండవు, నొక్కితే..." అని మొదలుపెట్టాను.

"కొరుకుపిట్టా?" అన్నాడాయన, ఇంత చిన్నదానికి అంత కథ ఎందుకన్నట్టు.

అత్తయ్య వైపు చూశాను. ఆవిడ బొత్తాల డబ్బాలను పరీక్షగా చూస్తోంది.

"ఆ పేరు ఎక్కడిదండీ?" అని అడిగాను.

"ఎక్కడిదేంటమ్మా? పాతమాట. మా తాత కూడా ఇదే వ్యాపారం. ఆయన కాలం నుంచీ ఇదే అంటున్నాం. ఇప్పటి పిల్లలు మీరు, అసలు పేర్లు మర్చిపోయి 'చిన్నది, నొక్కేది' అంటారు." ఆయన జాలిగా నవ్వి, డజను కొరుకుపిట్టలున్న పెట్టె దించి బల్ల మీద పెట్టాడు.

నేను నోరు తెరిచాను. అత్తయ్య బల్ల కింద నా చెయ్యి గిల్లింది. ఇప్పటికీ గుర్తుంది, ఆ గిల్లుడు ఎంత గట్టిదంటే నా మాట అక్కడే తెగిపోయింది.

వీధిలోకి వచ్చాక ఉండబట్టలేకపోయాను. "ఎందుకత్తయ్యా? చెప్పనిస్తే మీ సొమ్మేం పోయేది? వాళ్ళ తాతట! మొన్న పుట్టిన మాటకు!"

అత్తయ్య నడక ఆపింది. మొహం వెలిగిపోతోంది. మామయ్య ఉన్న రోజుల్లో, పండగల్లాంటి పనిరోజుల్లో ఆవిడ బల్ల దగ్గర ఇలా ఉండేది.

"అననీ," అంది. "వాళ్ళ తాత కూడా... మంచి పేరే పెట్టాడు."

ఈ ముచ్చట నేనే డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ విని, అత్తయ్యను ఒక సాయం అడిగింది. కొత్తగా ఒక బస్సు డ్రైవరు వస్తున్నాడట. ఆయనకూ ఇలాగే మాట పడిపోయింది. ఎవరేం చెప్పినా నోరు విప్పట్లేదు. "నేను చెబితే డాక్టరు మాట. మీరొచ్చి ఊరికే కూర్చోండమ్మా" అంది.

అత్తయ్య ఇస్త్రీ మడత నలగని బట్టలు కట్టుకుని బయల్దేరింది. ఆ గదిలో డ్రైవరు కుర్చీలో బిగుసుకుని, బొమ్మల కార్డులను శత్రువుల్లా చూస్తూ కూర్చున్నాడు. పక్కన భార్య. అత్తయ్య వెళ్ళి ఎదురుగా కూర్చుంది. తన చేతిసంచీలోంచి చొక్కా తీసి పోగులు కత్తిరించుకుంటూ ఉంది. చాలాసేపటికి ఆయన చూపు ఆ చేతుల మీదికి వచ్చింది. సరిగా కనపడక కళ్ళు చిట్లించాడు. భార్య వైపు తిరిగి చెయ్యి చాపాడు.

"ఏం కావాలండీ?" అంది ఆవిడ. "చెప్పండి, పేరు చెప్పండి. నెమ్మదిగా."

ఆయన నుదుటి మీద నరం ఉబ్బింది. "కంటి..." అన్నాడు. "కంటి... అద్దం... బండి అద్దం. కంటికి... బండద్దం!"

"కాదండీ, కళ్ళజోడు అనండి. క... ళ్ళ..."

"ఆగమ్మా," అంది అత్తయ్య. "నీకు అర్థమైందా, లేదా?"

"అర్థమైందండీ, కానీ..."

"అయితే ఇచ్చెయ్."

ఆవిడ సంచీలోంచి కళ్ళజోడు తీసి ఇచ్చింది. డ్రైవరు పెట్టుకున్నాడు. అత్తయ్య చేతిలోది ఇప్పుడు తేటగా కనపడినట్టుంది, వేలు చూపించి కనుబొమలు ఎగరేశాడు, ఏంటది అన్నట్టు.

అత్తయ్య వెన్ను నిటారుగా పెట్టి, దాన్ని ఆయన అరచేతిలో ఉంచింది.

"కొరుకుపిట్ట," అంది. "పేరు నేనే పెట్టాను."